ఖాళీ లేని పోర్టు

ఆసుపత్రి సర్వర్ గదిలో సిస్టమ్స్ ఉద్యోగులిద్దరు తలుపు వేసుకుని మాట్లాడుకుంటున్నారు.

"నిన్న కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే సర్వర్‌లో 8080 నంబరు పోర్టు ఖాళీ లేదందక్కా. అందులో ఏదో పాత ప్రోగ్రామ్ నడుస్తోంది. ఆపేశాను."

"అది బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ అలారంరా! మనదానికి వేరే నంబరు ఇస్తే పోయేదిగా?"

"ఇదైతే తేలిగ్గా గుర్తుంటుందని..."

"అందుకేనా రాత్రి ఫ్రిజ్ ఆగినా మోగలేదు! రక్తమంతా పాడై, తప్పంతా డ్యూటీలో ఉన్న నర్సుగారి మీద వేశారు కదరా. నువ్వాపింది అలారమని పొద్దున మీటింగుకి ముందే నీకు తెలుసా?"

"తెలుసక్కా. ఆవిడేమో, 'మోగే ఉంటుంది, నాకే వినపడలేదేమో' అని ఒప్పేసుకుంది."

"పక్కనే కూర్చుని నోరు విప్పలేదా?"

"విప్పాను. చెవులొకసారి డాక్టరుకి చూపించుకోమన్నాను."