పాత చిరునామా

"ఎదురింటావిడ మీ అత్తయ్యతో అందట, మీ కోడలు మూడు రోజులుగా కంప్యూటర్ ముందు కూర్చుంది గానీ ఒక్క మీటా నొక్కట్లేదని."

"సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ చదువుతున్నాను మావయ్యా. రోగులకి అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెసేజీలు వెళ్ళేలా చేసి, రేపు ఆస్పత్రివాళ్ళకి చూపించాలి. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు."

"ఎన్ని పేజీలు?"

"మూడు వేలు. నాలుగొందలు అయ్యాయి."

రిటైరైన పోస్ట్‌మన్ కళ్ళజోడు సర్దుకుని, కోడలి భుజం మీదుగా తెరవైపు వంగాడు.

"ఒక్క ఉత్తరం కోసం ఊళ్ళో గడపలన్నీ ఎక్కుతామా తల్లీ? పేరు పెట్టి వెతుకు."

"ముందు అదే చేశాను. దొరికింది. అందులో చెప్పినట్టు రాస్తే అలాంటి కమాండే లేదంటోంది. అందుకే మొదటినుంచీ చదువుతున్నా."

"ఆ మూల 'వెర్షన్ మూడు' అని ఉందేంటి? మీరు వాడేది అదేనా?"

"కాదు. అయిదు."

"ఇల్లు కూల్చేశాక తలుపు తడుతున్నావన్నమాట. అయిదు మీద నొక్కు."

"ఇందులో కొత్త కమాండ్ ఉంది మావయ్యా. రెండే లైన్లు."

"ఈ పాత లింకు నీకెవరిచ్చారు?"

"మా టీమ్ పెద్దాయన."

"మరి ఇది చదివి ఆయనెలా నెట్టుకొస్తున్నాడు?"

"ఆయన చదవరు. నన్నడుగుతారు."