ఉమ్మనీరు చెప్పిన అంకె

పంజాగుట్టలో ఒక ఆసుపత్రి, మూడో అంతస్తు. డాక్టరు గది బయటి బెంచీ మీద సంగీత, ఆమె భర్త అనుదీప్.

“...సూది కడుపులకు పోతుంటే సుత నొప్పి అనలే నేను. కళ్లు మూసుకున్న, అంతే. కానీ గా మాట మాత్రం మింగుడు పడ్తలేదు.”

“ఏ మాట?”

“పక్కనే ఉన్నవు గదా అనుదీప్. ఉమ్మనీటిల షుగర్ మస్తుగున్నదట. తల్లి రక్తంల లేంది బిడ్డ చుట్టున్న నీళ్లలకు ఎట్లొచ్చిందమ్మా అన్నది డాక్టరమ్మ.”

“ల్యాబోళ్లు తప్పు చూసుంటరు.”

“రెండుసార్లు చూసిన్రట.”

“అయితే ఇంట్ల షుగర్ చూస్కునే మన మిషన్ పాడైంది. అమీర్‌పేట మెడికల్ షాపోడు పాత స్ట్రిప్పులు అంటగట్టిండు. ఇయ్యాలనే పోయి అడుగుత.”

“మూడు నెలల పుస్తకం. పరిగడుపున తొంభై, తిన్నంక నూట పది. నువ్వు చెప్పినవి, నేను రాసినవి. దొంగతనంగ స్వీట్లు తింటున్నవా అన్నట్టు చూసింది నన్ను.”

“ఆమె అట్ల అనలే.”

“చూసింది. నువ్వు నేల దిక్కు చూసినవు.”

“జర నీళ్లు తాగు. ఫికర్ చెయ్యకు.”

“పోయినసారి సుత గట్లనే అన్నవు. ఏడో నెలల పిల్ల పోయింది.”

“గందుకే గదా... అప్పుడు షుగర్ అంకె విన్నప్పుడల్లా నువ్వు అన్నం ముట్టకపోతుంటివి. గోడ దిక్కు తిరిగి పండుకుంటుంటివి. ఈసారి తింటున్నవు. నవ్వుతున్నవు.”

“గందుకే అంటే?”

“ఏం లేదు.”

“గందుకే అన్నవు.”

“ఊకె అన్న. మాటకు.”

“సరే. మిషన్ బ్యాగుల ఉన్నది. తియ్యి.”

“ఇక్కడనా? ఇంటికి పోయినంక చూద్దాం తియ్యి.”

“ఇక్కడనే. రోజు లెక్కనే. నువ్వు వేలు గుచ్చి అంకె చెప్పు, నేను రాస్త.”

“రక్తం చూస్తే నీకు కళ్లు తిరుగుతయి.”

“గందుకే గదా రోజు కళ్లు మూసుకునేది. కానియ్యి.”

“...అయింది. దూది గట్టిగ పట్టుకో.”

“ఎంత?”

“నూట పద్నాలుగు. చూసినవా, ఉత్తగనే బెదిరిచ్చిన్రు.”

“నూట పద్నాలుగా?”

“ఆ. రాసుకో.”

“ఇంకోసారి చూసి చెప్పు.”

“చూసే చెప్తున్న సంగీతా. నూట పద్నాలుగు. రాసినవా?”

“రాసిన. రెండు వందల ఆరు. ఇయ్యాల నేను కళ్లు మూసుకోలే అనుదీప్.”