బ్యానర్ వెనక సమాధిరాయి

సికింద్రాబాద్‌లో పాత సైనికుల సమాధుల తోట. కాలేజీ అధ్యాపకుల చరిత్ర వర్క్‌షాపుకు వచ్చిన లెక్చరరమ్మ, దాన్ని నడిపించే పెద్దసారుతో ఒక రాయి ముందు మాట్లాడుతోంది.

“సార్, జెర బ్యానర్ పక్కకు జరిపిస్తరా? రాయి మీద రాతలు కనిపిస్తలేవు.”

“ఎట్ల జరుపుతమమ్మా? ఫోటోల మన వర్క్‌షాపుకు గ్రాంటిచ్చినోళ్ళ పేరు పడాలె.”

“ఫోటో అయినంక చదువుకుంటా సార్. ఇన్నేండ్ల సంది పుస్తకం చూసుకుంటనే పిల్లలకు చెప్తున్న.”

“ఫోటో కాంగనే బస్సెక్కాలె. బేగంపేట హోటల్ల బిర్యానీ చల్లారుతది.”

“మరి వర్క్‌షాపు?”

“ఆడ ఏసీ హాలుంది కద. ఈ రాయి ఫోటో తెర మీద చూపిస్త.”

“ఆ ఫోటోల సుత బ్యానరే ఉంటది సార్!”

“ఉండనీయమ్మా. ఇయ్యాల్నే అంత చదివేస్తే, వచ్చే ఏడు మనకు గ్రాంటెవరిస్తరు?”