అన్ని అంగళ్లలో ఒకటే తైబజారు

బహ్రెయిన్‌లో దిగిననాడు అతని దగ్గర ఉన్నవి ఒక పెద్ద కుక్కరు, ఊరి అంగళ్లలో మిరపకాయలు అమ్మిన అనుభవం. ఇప్పుడు మహూజ్ పేటలో అతనూ భార్యా నడిపే మెస్సు నుంచి రోజూ అరవై క్యారియర్లు ఒక విదేశీ కంపెనీకే పోతాయి. మెస్సు పెంచడానికి పక్క గది కూడా కిరాయికి తీసుకుందామని ఆమె పట్టుబట్టింది.

"వద్దే. పెద్ద విదేశీ కంపెనీల లాభాల మీద ఇక్కడ పదిహేను శాతం పన్ను పడ్డది. పన్ను లేదని వచ్చినోళ్లు ఇగ ఉంటరా?"

"యాడికి పోతరు? ఇక్కడ కట్టకున్నా, ఇంకో దేశం పోయి కట్టకున్నా ఆ పైసలు వాళ్ల దేశం గుంజుకుంటదట. వాళ్ల అకౌంటెంటే అన్నం తినుకుంట చెప్పిండు. మన దిక్కు అంగళ్లన్నిట్ల కూసొని అమ్మెటోళ్లు కట్టే తైబజారు ఒకటే చేసిన్రు, యాదికున్నదా? అప్పుడు నువ్వు అంగడి మారినవా?"

"మారలే."

"ఎందుకు?"

"నీ గాజుల దుకాణం ఎదురుంగ ఉండె."

ఆమె నవ్వు ఆపుకుంది. "మరి వాళ్లకు గూడ ఏదో ఒకటి ఎదురుంగ ఉండదా?"

"ఏమున్నది?"

"పని తెలిసిన మనుషులున్నరు. సౌదీకి వంతెన ఉన్నది. నా పచ్చిపులుసు ఉన్నది."

"పచ్చిపులుసు కోసం కంపెనీ ఆగుతదా?"

"నువ్వు ఆగలేదా?"

ఆ అంగళ్లన్నీ తిరిగితే చివరికి అతనికి మిగిలిన లాభం ఆమె ఒక్కతే. సాయంత్రం పక్క గది తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.