పెళ్లి టేపులో గోకులు

గాంధీపురంలో, పాత వీడియో టేపుల్ని డిస్కుల్లోకి ఎక్కించే దుకాణం. టేపు తెచ్చినామె, అది ఆడుతున్న టీవీకి వీపు పెట్టి, బయట బస్సుల వైపు చూస్తూ కూర్చుంది.

"ఏ క్వాలిటీలో ఎక్కించేది అక్కా? తక్కువలో పెడితే పెళ్లంతా ఒకే డిస్కులో పడతాది. మొహాలు మసకగా ఉంటాయి. ఎక్కువలో పెడితే మూడు డిస్కులైతాయి."

"మొహం తెలియాల తంబీ."

"పెళ్లికూతురిదా?"

"లేదప్పా. అది మా తమ్ముని పెళ్లి. మా కొడుకు గోకులు అప్పుడు చిన్నోడు. పందిట్లో అంతా పరిగెత్తతానే ఉండె."

"అట్లయితే ఆయన వచ్చే చోటు మాత్రం ఎక్కువలో పెడతాను. ఎక్కడెక్కడ వస్తారో ఆయన్నే ఒకసారి వచ్చి చూడమనండి."

"వాడు లేడు. పోయిన నెల తుడియలూరు రోడ్డులో లారీ తగిలి పోయినాడు."

"అయ్యో... ఇక్కడ పందిట్లో మగపిల్లోడు ఎవరూ కనపడలేదక్కా. జడేసుకున్న ఆడపిల్ల ఒకటి ఉండాది."

"అది వాడే. పళనిలో మొక్కు తీరేదాకా జుట్టు తియ్యలేదు, జడేసి పూలు పెడతా ఉంటిమి."

"ఇటు తిరిగి చూడండక్కా."

"నాకు వద్దు. నువ్వే చూసి చెప్పు. నవ్వతా ఉండాడా?"

"నవ్వతా ఉండాడు."

"సరి. మొత్తం ఎక్కువలోనే ఎక్కించు తంబీ. వాడు ఎక్కడెక్కడ ఉండాడో నాకేం తెలుసు."