చెడ్డరోజు పట్టని పెట్టె

వద్దండీ నిత్యానందం గారూ, టీ వద్దు. రమణి గారిని కూడా వచ్చి కూర్చోమనండి. పొద్దుట్నుంచీ నోరంతా చేదుగా ఉంది. అసహ్యమండీ, అసహ్యం! ఇంకో మాట దొరకట్లేదు నాకు.

మీకేమండీ! కంపెనీ వదిలేసి వట్లూరులో హాయిగా కుండీల్లో మొక్కలు పెంచుకుంటున్నారు. మీరు రాసిపెట్టి వెళ్ళిన డ్రైవర్ ప్రోగ్రామొచ్చి నా నెత్తిన పడింది. కోపం తెచ్చుకోకండి, ఉన్నమాటే చెబుతున్నా. అది కోడా అండీ? పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన విడిదిల్లులా ఉంది. మీ తర్వాత ఒకాయన వచ్చి ఒక పద్ధతి ఇరికించాడు. ఇంకొకాయన వచ్చి దాని పక్కనే మరోటి ఇరికించాడు. తీసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రమణి గారూ, మీరూ వినండి. చేపల చెరువు గట్టున పెట్టే పెట్టె కదా మా కంపెనీ చేసేది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుంటూ, రాసుకుంటూ ఉంటుంది. తగ్గితే నీళ్ళని చిలికి గాలి పట్టించే ఏరేటర్ని ఆన్ చెయ్యాలి. చవక పెట్టె, అందులో మెమరీ బొత్తిగా తక్కువ. అందుకని ఆ ఉన్నదాంట్లోనే కొంత చోటు విడదీసి, అదే డిస్కు అనుకోమని పెట్టెకి చెబుతాం. అందులోకి వెళ్ళే లెక్కలన్నీ నొక్కి పెడతాం, చలికాలం పోయాక బొంతలు ట్రంకుపెట్టెలో కుక్కినట్టు. ఆ నొక్కి పెట్టేదీ, అడిగినప్పుడు విప్పి ఇచ్చేదీ ఈ డ్రైవరే. అంతే దాని పని.

అంత చిన్న పనికి అంత అడవి ఎందుకండీ? వేసవంతా కూర్చుని నరికాను. ఎవరూ వాడని పద్ధతులు పీకేశాను. ఒకే పని నాలుగుచోట్ల రాసుంటే ఒకచోటికి తెచ్చాను. అబ్బ, ఎంత తేలికైపోయిందో తెలుసా! మీకు తెచ్చి చూపించాలని కూడా అనుకున్నాను. నిజం!

అలా నరుకుతుంటేనే దొరికింది, అక్కడో ముక్క, ఇక్కడో ముక్క. చోటు నిండిపోతే డ్రైవర్ ఏం చెయ్యాలి? 'ఇంక పట్టట్లేదు' అని చెప్పాలి. అవునా? మీ డ్రైవరేమో వచ్చిన లెక్కని పారేసి, 'రాసేశాను' అంటోంది. తర్వాత అడిగితే అంతకుముందు బాగున్న లెక్కే మళ్ళీ తీసి చూపిస్తోంది. పాపం, మా నిత్యానందం గారు తొందర్లో పొరపాటు చేసుంటారనుకుని తీసేశాను. పొరపాటనే అనుకున్నానండీ, ఒట్టు.

ఏం, అలా గ్లాసులోకి చూస్తారేం?

సరే, వినండి. బాగున్న రోజు లెక్కలన్నీ ఒకేలా ఉంటాయి కదా, నొక్కితే పిడికెడు కూడా ఉండవు. మబ్బు పట్టి, ఆక్సిజన్ లేస్తూ పడుతూ గిలగిల్లాడే రోజు లెక్కలు ఎంత నొక్కినా నలగవు. అంటే చోటు నిండేది సరిగ్గా ఆ రోజే! పారేసేది ఆ రోజు లెక్కే! చెరువులో చేప చస్తుంటే మన పెట్టె గీసి చూపించే ఆక్సిజన్ గీత మాత్రం తిన్నగా, నున్నగా ఉంటుంది.

కలిదిండి కామరాజు గారు గుర్తున్నారా? పోయినేడు వానల్లో ఆయన చెరువులో చేపంతా చచ్చి తేలిపోయింది కదా. తెల్లగా, పొట్టలు పైకి పెట్టి. ఆ కంపుకి పక్క ఊళ్ళోవాళ్ళు కూడా అన్నం తినలేకపోయారట. "ఏరేటర్ తిరగలేదండీ, పెట్టె ఆన్ చెయ్యలేదండీ" అని కాపలా ఉండే నాగూర్ మొత్తుకున్నాడు. వాడి మాట ఎవరు వింటారు?

మన ఓనరు దుర్గాసాయి గారు స్వయంగా కారేసుకుని వెళ్ళారు. తాడేపల్లిగూడెం మోటార్ల కొట్టువాళ్ళబ్బాయి, మాట ఎంత మెత్తగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? గీత చూపించి, "చూడండి రాజుగారూ, ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందండీ. మీవాడే మేతలో ఏదో కలిపాడేమో కనుక్కోండి" అన్నారు. అండీ అండీ అంటూనే ఒక మనిషి గొంతు కోసేశారు! పెట్టె పనిచెయ్యలేదని తేలితే నష్టం కంపెనీ నెత్తిన పడుతుందిగా మరి.

చేపలకి మందు పెట్టాడన్న పేరుతో నాగూర్ని గట్టు మీంచి తరిమేశారు. ఇప్పుడు కొల్లేటి చుట్టుపక్కల ఏ చెరువువాళ్ళూ వాణ్ణి దరికి రానివ్వట్లేదు. ఏలూరు స్టేషన్ బయట జామకాయలు అమ్ముకుంటున్నాడు. మొన్న నాకే అమ్మాడు. "ఆ పెట్టెల కంపెనీ మేడమ్ కదండీ మీరు" అని నవ్వి, ఒక కాయ ఎక్కువ వేశాడు. నోట పెట్టలేకపోయానండీ.

ఈ మధ్య మళ్ళీ మబ్బులు పట్టాయా? ఈసారి పెట్టెలో ఉన్నది నా డ్రైవర్. అదే చెరువు. గీత దబ్బున కిందికి పడింది! 'ఆన్ చేశాను, తిరగలేదు' అని కూడా రాసుకుంది. వాన తడికి మన పెట్టెలో స్విచ్చే బిగుసుకుపోయింది. కొత్త కాపలావాడు చూసుకుని చేత్తో ఆన్ చేశాడు కాబట్టి చేప బతికింది.

నేను గంతులేశానండీ. నాగూర్ చెప్పింది నిజమే అనడానికి ఇంకేం కావాలి? ప్రింటు తీసుకుని దుర్గాసాయి గారి గదిలోకి పరిగెత్తాను.

ఆయన తాపీగా చూశారు. "చాలా కష్టపడ్డావమ్మా గౌసియా. ఇంక పాత డ్రైవరే పెట్టెయ్. ఆ స్విచ్చు సంగతి మనకెప్పుడో తెలుసు. నిత్యానందం గారు ఆ లెక్క పారేసే ముక్క పొరపాటున రాయలేదు, నేను రాయమంటేనే రాశారు" అన్నారు. నవ్వుతూ! టిఫిన్ చేశావా అని అడిగినంత మామూలుగా!

కాదనండి సార్. దుర్గాసాయి గారు అబద్ధం ఆడారనండి, నమ్మేస్తాను. కీబోర్డు మీద చెయ్యి పెట్టడం దగ్గర్నుంచీ మీ దగ్గర నేర్చుకున్నదాన్ని. ఒక్కమాట అనండి.

రమణి గారూ, ఎక్కడికండీ లోపలికి? ఓహో. మీకూ తెలుసన్నమాట.

ఛీ! ఇద్దరూ కలిసి ఆ మొక్కలు చూసుకుంటూ ఎలా కూర్చోగలుగుతున్నారండీ?

వద్దు, తల ఊపకండి. నన్ను ఓదార్చే హక్కు మీకు లేదు. తిట్టే హక్కు నాకూ లేదు లెండి. ఎందుకంటారా? ఆ లెక్క పారేసే ముక్క పొద్దున్నే మళ్ళీ పెట్టేశాను. అవునండీ, నేనే, ఈ చేతులతోనే. మా ఆయన జుబేర్ పనిపోయి ఇంట్లో ఉన్నాడు. ఏలూరులో ఈ పని ఇంకెవరిస్తారు నాకు?

పాతది ఉన్నదున్నట్టు పెట్టేసినా కొంత నయంగా ఉండేది. మీరు రాసింది అక్కడో ముక్క, ఇక్కడో ముక్క, ఎవరైనా చూస్తారేమోనని దాక్కుంటూ రాసినట్టుంది. అంత మురికిగా ఉంటే నా చేతులు ఊరుకోలేదు. అన్నీ కలిపి ఒకేచోట, చిన్నగా, శుభ్రంగా రాశాను. మీది అప్పుడప్పుడూ తప్పిపోయి నిజం చూపించేసేది సార్. నాది చూపించదు.

రాయడం అయ్యాక ఇంకోసారి చదువుకున్నాను. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయానండీ.