కోట తలుపు తీసిందెవరు?

అమెరికాలోని మోరిస్‌విల్ లైబ్రరీ పార్కింగ్‌లో కారు ఆగింది. చరిత్ర ప్రొఫెసర్ ఉపన్యాసానికి ఇంకా టైముంది. తండ్రీ కూతురూ కారు దిగలేదు.

"డాడీ, ప్లీజ్. ప్రొఫెసర్‌తో ఫైట్ చేయకు."

"కంప్యూటర్ సైన్స్ మానేసి బెర్బర్ల చరిత్ర చదువుతానంటే ఊరుకుంటానా? ఆవిడతోనే తేల్చుకుంటా. తప్పులు పట్టుకుందామని ఆవిడ రాసిన రెండు పుస్తకాలూ చదివేశా."

"రెండూనా! ఏం దొరికాయి?"

"ఆ బెర్బర్లుండే మొరాకో కొండల్లో ఊరికీ ఊరికీ పడదట. పన్నుల కోసం సుల్తాన్ సైన్యం వస్తే మాత్రం అంతా ఒకటైపోతారు. సైన్యం వెళ్ళగానే కొట్లాట మళ్ళీ మొదలు."

"మన తెలుగు అసోసియేషన్ లాగా!"

"నవ్వకు. నాకూ అదే అనిపించింది. గెలిచినవాళ్ళు రాయించుకున్నది పక్కనపెట్టి, ఓడిన ఊళ్ళలో ముసలమ్మల పాటలు విని రాసిందమ్మా ఆవిడ. ఎంత ఓపికో!"

"నేను తప్పులు అడిగాను డాడీ."

"ఉంది, పెద్ద తప్పే ఉంది. సుల్తాన్ సైన్యానికి బెర్బర్ల కోట తలుపు లోపలినుంచి తీసిందెవరో చెప్పకుండా రెండో పుస్తకం ఆపేసింది. అలా ఎవరైనా ఆపుతారా?"

"అది ఆవిడకి కూడా ఇంకా తెలీదు. థర్డ్ బుక్ దాని గురించే. వెతకడానికి ఒక స్టూడెంట్ కావాలంట. నన్ను అడిగింది."

డ్రైవర్ వైపు తలుపు తెరుచుకుంది.

"డాడీ, ఎక్కడికి?"

"దిగు, ముందు వరసలో సీట్లు అయిపోతాయి. ఆవిడ దగ్గరే చేరుదువుగానిలే. కానీ ఒకటే షరతు. ఆ తలుపు తీసిందెవరో తెలిసిన రోజు మొదటి ఫోన్ నాకే చెయ్యాలి."